సైలెన్సర్లు తొక్కిస్తే మోత ఆగుతుందా? పాలమూరు రోడ్లపై ‘డబ్ డబ్’ వెనుక అసలు లెక్క ఇదీ!

రాత్రి పదిన్నర. ఊరు సద్దుమణుగుతున్న టైమ్. అప్పుడే గల్లీ చివర్నుంచి ఒక బుల్లెట్ బండి. డబ్ డబ్ డబ్... మధ్యలో ఉన్నట్టుండి తుపాకీ పేలినట్టు ఒక ‘ఢాం’! పసిపిల్ల ఉలిక్కిపడి లేస్తుంది. కుక్కలు మొరుగుతాయి. బండి మాత్రం అప్పటికే మెయిన్ రోడ్డెక్కి ఉంటుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... ఈ మూడు జిల్లా కేంద్రాల్లో ఎవరిని అడిగినా ఈ సీన్ తెలియదని చెప్పరు.

తర్వాతి సీన్ కూడా అందరికీ తెలిసిందే. పోలీసుల స్పెషల్ డ్రైవ్, పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద వరుసగా పేర్చడం, వాటి మీదుగా రోడ్ రోలర్ నడిపించడం. తెలుగు రాష్ట్రాల్లోని చాలా పట్టణాల్లో ఇలాంటి వీడియోలు చూస్తూనే ఉన్నాం. లక్షల వ్యూస్ వస్తాయి. కానీ కొన్నాళ్లకు అదే గల్లీలో మళ్లీ అదే మోత!

ఎందుకిలా? తప్పు ఎక్కడ జరుగుతోంది? సైలెన్సర్ మారిస్తే బండికి నిజంగానే పవర్ పెరుగుతుందా? చట్టం ఎవరిని పట్టుకోమంటోంది... మనం ఎవరిని పట్టుకుంటున్నాం? ఒక్కొక్కటిగా చూద్దాం.

మజిల్ కార్ నుంచి మన బుల్లెట్ దాకా!

ఈ పిచ్చి మన దగ్గర పుట్టింది కాదు. 1960ల్లో అమెరికాలో పెద్ద పెద్ద వీ-8 ఇంజిన్లున్న కార్లు యువతను ఊపేశాయి. వాటినే మజిల్ కార్లు అన్నారు. ఆ కార్ల ఓనర్లు ఎక్కువగా చేయించుకునే మార్పుల్లో రెండు ముఖ్యమైనవి. ఒకటి, పొగ త్వరగా బయటికి పోయేలా సైలెన్సర్, పైపులు మార్చడం. రెండోది, ఇంజిన్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బర్లు తీసేసి గట్టివి వేయించడం.

ఫోర్డ్ మస్టాంగ్ 2016లో మన దేశంలోకి వచ్చింది. 5 లీటర్ల వీ-8 ఇంజిన్, దాదాపు 400 హార్స్ పవర్. పాలమూరు రోడ్లపై అలాంటి కారు కనపడటం అరుదు. ఇక్కడి కుర్రాళ్ల ‘మజిల్’ వేరే. బుల్లెట్, క్లాసిక్ 350, కాస్త డబ్బులుంటే థార్, స్కార్పియో. కానీ ఫోన్‌లో చూసేది మాత్రం అమెరికా, దుబాయ్ కార్ల రీల్సే. ఆ సౌండ్ మన బండికీ కావాలి. కథ అక్కడే మొదలవుతోంది.

బుల్లెట్ విషయంలో ఇంకో సెంటిమెంట్ కూడా ఉంది. 1955లో మద్రాసులో మొదలైన బండి అది. పాత బుల్లెట్ శబ్దం వింటేనే పటేలో, ఎస్సైనో వస్తున్నాడని ఊరంతా అనుకునేవారు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. ఇంజిన్లు మారాయి, శబ్దం మెత్తబడింది. ‘మా నాయన బండికున్న సౌండ్ నా బండికి లేదు’ అన్న వెలితి కొత్త ఓనర్లకు మిగిలింది. ఆ వెలితినే మార్కెట్ క్యాష్ చేసుకుంటోంది.

పంజాబ్, ఇందోరీ, షార్ట్ బాటిల్...

ఇవన్నీ సైలెన్సర్ల రకాలు. బుల్లెట్ నడిపేవాళ్లకు ఈ పేర్లు కంఠతా వచ్చు. హైదరాబాద్ పుత్లీబౌలి, ఢిల్లీ కరోల్‌బాగ్ లాంటి పెద్ద విడిభాగాల మార్కెట్ల దాకా పోనక్కర్లేదు. ఫోన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికే పార్శిల్ వస్తోంది. చాలా వాటి మీద చిన్న అక్షరాల్లో ‘రేసింగ్ కోసం మాత్రమే’ అని ఉంటుంది. కొనేవాడికీ తెలుసు, అమ్మేవాడికీ తెలుసు... అది ఏ రేస్ ట్రాక్‌కూ పోదని!

అసలు కంపెనీ సైలెన్సర్ లోపల ఏముంటుంది? అడ్డగోడల్లాంటి గదులు, చిల్లుల పైపులు ఉంటాయి. ఇంజిన్‌లోంచి దూసుకొచ్చే పొగ వాటిలో తిరిగి తిరిగి నెమ్మదిస్తుంది, శబ్దం తగ్గుతుంది. బీఎస్-6 బండ్లలో దీనికి తోడు క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూతతో పనిచేసే భాగం ఇది. కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోల్ ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్ల విషాన్ని చాలా వరకు విరిచేస్తుంది.

బయట దొరికే మోత సైలెన్సర్లలో చాలా వాటికి ఈ గదులు ఉండవు. పేరుకి కాస్త గ్లాస్ ఊల్ చుట్టి ఉంటుంది, అదీ కొన్నాళ్లకు కాలిపోతుంది. శబ్దం తగ్గించే చిన్న ముక్క ‘డీబీ కిల్లర్’ను స్క్రూ విప్పి తీసేసేలా పెడతారు. చెకింగ్ ఉంటే బిగించడం... లేదంటే జేబులో వేసుకోవడం!

ఇక ఆ ‘ఢాం’ సంగతి. దాన్నే కుర్రాళ్లు పటాకా అంటారు. బండి నడుస్తుండగానే ఇగ్నిషన్‌ను క్షణం ఆపి మళ్లీ ఆన్ చేస్తారు. ఆ క్షణంలో కాలని పెట్రోల్ వేడి సైలెన్సర్‌లోకి చేరి అక్కడ ఒక్కసారిగా అంటుకుంటుంది. అంటే పటాకా పేల్చిన ప్రతిసారీ డబ్బు పెట్టి కొన్న పెట్రోల్ ఇంజిన్‌లో కాకుండా పొగగొట్టంలో తగలబడుతోందన్నమాట.

పవర్ పెరుగుతుందా? నిజం ఎంత?

మెకానిక్ షాపుల్లో ఎక్కువగా వినపడే మాట ఇది: ‘అన్నా, ఫ్రీ ఫ్లో ఏస్తే బండి పికప్ మారిపోతది’.

ఇందులో సగం నిజం ఉంది. పొగ సులువుగా బయటికి పోతే ఇంజిన్ ఊపిరి తేలిగ్గా తీసుకుంటుంది. 400 హార్స్ పవర్ వీ-8లో పైపులన్నీ మార్చి, దానికి తగ్గట్టు కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా మారిస్తే తేడా కచ్చితంగా తెలుస్తుంది. కానీ మన క్లాసిక్ 350 సంగతేంటి? 349 సీసీ, ఒకే సిలిండర్, 20.2 హార్స్ పవర్. ఆ ఇంజిన్‌లో ఒక్క సైలెన్సర్ మార్చినంత మాత్రాన చెవికి తెలిసినంత తేడా చక్రానికి తెలియదు.

పైగా నష్టాలున్నాయి. ఇప్పటి బండ్లలో పొగలో ఆక్సిజన్ ఎంత ఉందో చూసే సెన్సర్ ఉంటుంది. దాన్ని బట్టే ఈసీయూ ఎంత పెట్రోల్ పంపాలో లెక్క వేస్తుంది. పొగ దారి మారితే ఆ లెక్క తప్పే ప్రమాదం ఉంది. పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువైతే ఇంజిన్ వేడెక్కుతుంది, వాల్వులు దెబ్బతింటాయి. పెట్రోల్ ఎక్కువైతే మైలేజ్ పడిపోతుంది. శబ్దం పెరిగేసరికి బండి స్పీడ్ పెరిగినట్టు అనిపిస్తుంది, అంతే.

వేగానికీ శబ్దానికీ సంబంధం లేదని హైదరాబాదే ఒకసారి చూసింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరంలో ఫార్ములా-ఈ రేస్ జరిగింది. అవన్నీ ఎలక్ట్రిక్ కార్లు. గంటకు 300 కిలోమీటర్లు దాటగల సత్తా ఉన్నవి. వాటిలో ఒక్కదానికీ సైలెన్సర్ లేదు... ఎందుకంటే పొగే లేదు!

ఇంజిన్ మౌంటింగ్: కనపడని ప్రమాదం

సైలెన్సర్ మోత అందరికీ వినపడుతుంది. ఇంజిన్ మౌంటింగ్ మార్పు ఎవరికీ కనపడదు. అసలు రిస్క్ ఇక్కడే ఎక్కువ.

యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు కారు ఇంజిన్ ఒక పక్కకు మెలి తిరగడానికి చూస్తుంది. ఆ కుదుపును మింగేందుకే మౌంటింగ్‌లో రబ్బర్ పెడతారు. రేసింగ్ కార్లలో ఈ కదలిక కూడా వద్దనుకుని గట్టి పాలీయూరిథేన్ గానీ, ఏకంగా లోహపు దిమ్మెలు గానీ వేస్తారు. అప్పుడు గేర్లు కచ్చితంగా పడతాయి, పవర్ చక్రానికి వెంటనే అందుతుంది. ట్రాక్ మీద ఇది పనికొచ్చే మార్పే.

కానీ రోడ్డు మీద? రబ్బర్ మింగాల్సిన వణుకంతా నేరుగా బాడీకి, స్టీరింగ్‌కి, సీటుకి వస్తుంది. బోల్టులు వదులవుతాయి. వెల్డింగ్ అతుకులు చిట్లుతాయి. సైలెన్సర్ పైపు ఒక కొసన ఇంజిన్‌కు, ఇంకో కొసన బాడీకి బిగించి ఉంటుంది. కంపెనీ దాన్ని రబ్బర్ హ్యాంగర్లతో వేలాడదీస్తుంది, ఇంజిన్ కదిలితే పైపు కూడా కదలాలి కాబట్టి. కొత్త సైలెన్సర్ పట్టలేదని ఆ రబ్బర్లు తీసేసి నేరుగా వెల్డింగ్ కొట్టిస్తే పైపు పగిలేది ఇంజిన్ దగ్గరే. పగిలిన చోట నుంచి కార్బన్ మోనాక్సైడ్ లీకవుతుంది. దీనికి వాసన ఉండదు, రంగు ఉండదు. అద్దాలు మూసి ఏసీ వేసుకున్న కారులోకి చేరితే ప్రాణాలకే ముప్పు.

బుల్లెట్‌లోనూ ఇదే సూత్రం. ఒకే సిలిండర్ కాబట్టి వణుకు దాని పుట్టుకలోనే ఉంది. దాన్ని తగ్గించడానికే కొత్త 350 ఇంజిన్లలో కంపెనీ బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టింది. మౌంటింగ్ బోల్టులు, ప్లేట్లు ఎక్కడ పడితే అక్కడ మార్పించుకుంటే ఆ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఫ్రేమ్‌కు వచ్చే సన్నటి పగులు చెకింగ్‌లో ఎవరి కంటా పడదు. అది బయటపడేది ఎన్‌హెచ్-44 మీద పెబ్బేరు దగ్గరో, ఎర్రవల్లి చౌరస్తా దగ్గరో 100 స్పీడ్‌లో ఉన్నప్పుడైతే?

చట్టం ఏం చెబుతోంది?

ఇక అసలు పాయింట్‌కు వద్దాం.

* మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52: కంపెనీ ఇచ్చిన ప్రమాణాలకు విరుద్ధంగా, ఆర్సీలో ఉన్న వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది.
* సెక్షన్ 182ఏ(4): ఓనర్ అక్రమంగా బండిని మారిస్తే 6 నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా రెండూ.
* సెక్షన్ 190(2): శబ్దం, కాలుష్యం, రోడ్డు భద్రత ప్రమాణాలు మీరితే మొదటిసారి 3 నెలల దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. అంతేకాదు, 3 నెలలు లైసెన్స్ కూడా పోతుంది.
* శబ్దం పరిమితి: 175 సీసీ దాటిన బైక్‌కు 80 డెసిబుల్స్, కారుకు 74. కంపెనీ టెస్టులో 7.5 మీటర్ల దూరం నుంచి కొలుస్తారు.

డెసిబుల్ లెక్క చాలామందికి తెలియదు. 80కి, 100కి తేడా 20 అనుకుంటారు. కాదు! ప్రతి 10 డెసిబుల్స్‌కు శబ్ద శక్తి 10 రెట్లు పెరుగుతుంది. అంటే 80 నుంచి 100కి పోతే 100 రెట్లు. 100 డెసిబుల్స్ శబ్దాన్ని రోజుకు 15 నిమిషాలకు మించి వినకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతోంది. ఆ లెక్కన ముందు చెవులు పోయేది బండి మీద కూర్చున్నవాడికి, షాపులో రోజంతా రేస్ చేసి చూపించే మెకానిక్‌కే.

మరి మెకానిక్ సంగతేంటి?

చాలామందికి తెలియని పాయింట్ ఇదే. సెక్షన్ 182ఏ(1) ప్రకారం చట్టానికి విరుద్ధంగా బండిని మార్చే డీలర్‌కు ఏడాది దాకా జైలు, లేదా ఒక్కో బండికి లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. డీలర్ అంటే షోరూమ్ ఓనర్ మాత్రమే అనుకుంటాం. కానీ అదే చట్టం సెక్షన్ 2(8)లో డీలర్ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో బండ్లు రిపేర్ చేసేవారు కూడా ఉన్నారు!

అంటే లెక్క ఏంటి? మార్పించుకున్న కుర్రాడికి 5 వేలు. మార్చి ఇచ్చిన షాపుకు లక్ష. బరువు ఎటువైపు ఉండాలో చట్టమే తూకం వేసి చెప్పింది. గ్రౌండ్‌లో జరుగుతున్నది మాత్రం రివర్స్. రోడ్డు మీద దొరికిన కుర్రాడికి చలానా, సైలెన్సర్‌కు రోడ్ రోలర్. షాపు షటర్ మాత్రం మరుసటి రోజు ఉదయం మామూలుగానే లేస్తోంది. సైలెన్సర్ పోగొట్టుకున్న కుర్రాడు మళ్లీ అదే షాపుకి వెళ్తున్నాడు. ఒక రకంగా చూస్తే రోడ్ రోలర్ తొక్కిన ప్రతి సైలెన్సర్ ఆ షాపుకు ఇంకో గిరాకీ!

జరిమానా భయం కూడా కాగితం మీద ఉన్నంత లేదు. రోడ్డు మీద కట్టించుకునే కాంపౌండింగ్ మొత్తాన్ని నిర్ణయించేది రాష్ట్రం. 2019లో కేంద్రం జరిమానాలు భారీగా పెంచినప్పుడు, వాటిని ఇక్కడ అమలు చేయబోమని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అసెంబ్లీలోనే ప్రకటించారు. సామాన్యుడి మీద భారం వద్దన్నది అప్పటి వాదన. అందులో న్యాయం లేకపోలేదు. అయితే హెల్మెట్ మర్చిపోయిన కూలీని, మోత సైలెన్సర్లు బిగించి లాభం చూసుకునే షాపును ఒకే గాటన కట్టొచ్చా అన్నదే ప్రశ్న.

చెకింగ్‌లో ఇంకో పెద్ద లొసుగు!

బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందిగా అంటారు చాలామంది. పెట్రోల్ బండికి ఆ టెస్టులో చూసేది పొగలోని వాయువులనే. శబ్దాన్ని కాదు! వీధి మొత్తాన్ని నిద్ర లేపే బండి కూడా దర్జాగా సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. సొంత బండికి మళ్లీ ఆర్టీఏ ముందు ఫిట్‌నెస్ పరీక్ష పడేది 15 ఏళ్లకు, రిజిస్ట్రేషన్ రెన్యువల్ టైమ్‌లో. ఈ మధ్యలో ఇంజిన్ మౌంటింగ్ మారిందా, పైపు మారిందా అని చూసే రెగ్యులర్ వ్యవస్థ లేదు. రోడ్డు మీద కానిస్టేబుల్ చెవే మన సౌండ్ మీటర్!

ఈ మూడు జిల్లాల్లో ఎందుకు ముఖ్యం?

2016 అక్టోబర్ 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి ఈ మూడు జిల్లాలు విడిపోయాయి. అప్పటిదాకా తాలూకా కేంద్రాల్లా ఉన్న ఊళ్లు జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. బండ్లు పెరిగాయి. పాత బజార్ల రోడ్లు మాత్రం అప్పటి వెడల్పులోనే ఉన్నాయి. రెండు పక్కలా ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్న సందులో మోత గోడకు తగిలి రెట్టింపవుతుంది.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో సగటు శబ్దం పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబుల్స్ దాటకూడదు. ప్రభుత్వం సైలెన్స్ జోన్‌గా ప్రకటించిన ఆసుపత్రి, బడి చుట్టూ 100 మీటర్లలో అయితే పగలు 50, రాత్రి 40. వార్డులో ఆపరేషన్ అయి పడుకున్న పేషెంట్‌కు, ఇంటర్ పరీక్షలకు చదువుకునే పిల్లకు ఈ అంకెలు తెలియకపోవచ్చు. నిద్ర మాత్రం వాళ్లదే పోతోంది. ప్రశాంతంగా బతకడం జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2005 జులైలోనే చెప్పింది.

నాగర్‌కర్నూల్‌కు ఇంకో బాధ్యత కూడా ఉంది. హైదరాబాద్-శ్రీశైలం రోడ్డు మన్ననూరు దాటాక అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ గుండా వెళ్తుంది. రాత్రిపూట అక్కడ రాకపోకలపై ఆంక్షలున్నాయి. వీకెండ్ వస్తే పగటిపూట గుంపులుగా వెళ్లే బైకుల మోత సంగతి వేరే చెప్పాలా! అడవిలో జంతువుకు చెవే కాపలా. ఆ చెవిని మూసేస్తే పిల్లను కాపాడుకోవడం, వేటను పసిగట్టడం రెండూ కష్టమే.

బండి ఓనర్లూ... ఇవి గుర్తుంచుకోండి!

* కంపెనీ సైలెన్సర్‌ను పాత ఇనుము కింద అమ్ముకోకండి. చాలామంది ఇరుక్కునేది ఇక్కడే. కొత్తది కొనాలంటే వేలల్లో ఖర్చు.
* చెప్పకుండా మార్పులు చేస్తే వారంటీ పోయే ప్రమాదం ఉంది. యాక్సిడెంట్ అయితే సొంత బండి నష్టానికి ఇన్సూరెన్స్ కంపెనీ కొర్రీలు పెట్టొచ్చు.
* ఇంజిన్ వణుకు పెరిగితే ముందు మౌంటింగ్ రబ్బర్లు, బోల్టులు చూపించండి. అరిగిన రబ్బర్‌కు మందు కొత్త కంపెనీ రబ్బరే. గట్టి దిమ్మె కాదు.
* కారు లోపల పొగ వాసన వచ్చినా, అద్దాలు మూసినప్పుడు తలనొప్పిగా అనిపించినా వెంటనే అద్దాలు దించి బండి ఆపండి.
* తల్లిదండ్రులకు: మైనర్‌కు బండి ఇచ్చి, వాడు నేరం చేస్తే ఇచ్చినవారికి 3 ఏళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. వాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు.

మరి పరిష్కారం?

పోలీసుల డ్రైవ్‌లు తప్పని ఎవరూ అనరు. ఆ మాత్రం భయం కూడా లేకపోతే పరిస్థితి ఇంకా ఘోరంగా ఉండేది. కానీ డ్రైవ్ అక్కడితో ఆగిపోతేనే సమస్య. పట్టుబడిన ప్రతి కుర్రాడిని ఒక్క ప్రశ్న అడిగితే చాలు: ‘ఎక్కడ వేయించావ్?’ ఆ జవాబు కేస్ డైరీలోకి ఎక్కాలి. పోలీస్, ఆర్టీఏ కలిసి ఆ అడ్రస్‌కు వెళ్లాలి. పదిమంది కుర్రాళ్లను ఆపడం కంటే ఒక్క షాపును ఆపడం తేలిక. ఆన్‌లైన్‌లో ‘రేసింగ్ కోసం మాత్రమే’ అని రాసి ఊరూరా పంపేవాళ్ల లెక్క కూడా తేల్చాలి. పొల్యూషన్ టెస్ట్ చేసే చోటే ఒక సౌండ్ మీటర్ పెడితే సగం పంచాయితీ అక్కడే తెగిపోతుంది.

మెకానిక్‌లందరూ దొంగలేమీ కాదు. చిన్న షాపు, అద్దె, పిల్లల ఫీజులు... గిరాకీ అడిగింది చేయకపోతే పక్క షాపుకు పోతాడన్న భయం వాళ్లది. లక్ష జరిమానా అన్న నిబంధన ముందుగా వాళ్లకు చెప్పాలి. షాపు గోడ మీద బోర్డు పెట్టించాలి. అప్పుడు ‘అన్నా, ఫ్రీ ఫ్లో ఏస్తవా’ అని అడిగిన కుర్రాడికి ‘వద్దు తమ్మీ, నాకు లక్ష పడుద్ది’ అని చెప్పే ధైర్యం మెకానిక్‌కు వస్తుంది. ఆ ఒక్క మాట రోడ్ రోలర్ కంటే గట్టిగా పనిచేస్తుంది.

అప్పటిదాకా గల్లీ చివర మోత ఆగదు. పసిపిల్ల ఉలిక్కిపాటూ ఆగదు.